ఖాళీ డబ్బాని నలపడం ఎలా?



ఈసారి పాఠం చాలా చిన్న పని గురించి. కూల్‌డ్రింక్ తాగేసాక చేతిలో మిగిలే ఖాళీ డబ్బా ఉంటుంది కదా, దాన్ని నలపడం గురించి. "ఇది కూడా పాఠమేనా టీచర్ ఆంటీ? కాలితో ఒక్క తొక్కు తొక్కితే అయిపోద్ది కదా!" అన్నాడు మా క్లాసులో ఒక బాబు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఈ పని నేను రెండుసార్లు తప్పుగా చేశాను. ఒకసారి నలపకపోవడం తప్పయింది, ఇంకోసారి నలపడమే తప్పయింది. ఆ రెండు కథలూ చెప్తాను. ముందు కొన్ని మాటలు నేర్చుకుందాం.

మీరు ఇంగ్లీషులో "క్రష్" అని ఒకే మాట వాడతారు. తెలుగులో ఏం నలుపుతున్నాం, దేనితో నలుపుతున్నాం అనే దాన్నిబట్టి మాట మారిపోతుంది. వేలితో అయితే "నొక్కుతాం". రెండు వేళ్ళ మధ్య మెత్తని పండునో, మొగ్గనో అయితే "చిదుముతాం". చేతితో పిండినైతే "పిసుకుతాం". నిమ్మకాయని, తడి బట్టని "పిండుతాం". రోట్లో రోకలితో అయితే "దంచుతాం". రుబ్బురోట్లో "రుబ్బుతాం". కల్వంలో మందుని "నూరుతాం". కాలితో "తొక్కుతాం". రాయితో కొడితే "చితక్కొడతాం". కాగితాన్ని ఉండ చుట్టేస్తే "నలిపేశావు" అంటారు. మీ అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడిగితే ఇంకో నాలుగైదు మాటలు చెప్తారు, చూడండి.

డబ్బా విషయంలో ఇంకో మంచి మాట ఉంది: "సొట్ట". నున్నగా ఉన్న గిన్నె కింద పడి ఒకచోట లోపలికి పోతే "సొట్ట పడింది" అంటాం. నవ్వినప్పుడు బుగ్గల మీద పడే గుంటల్ని సొట్టబుగ్గలు అంటాం కదా, అదే సొట్ట. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, పాఠంలో మళ్ళీ దీనితో పని ఉంది.

ఇక మొదటి కథ.

మేము ఖతార్ వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదు. మా ఊరు రాజమహేంద్రవరం, గోదావరి ఒడ్డు. పొద్దున్న లేస్తే నది కనపడాల్సిందే. ఇక్కడికి వచ్చాక నేను మొదట అడిగిన ప్రశ్న, "ఈ దేశంలో నది పేరేంటి?" అని. మావారు నవ్వారు. ఖతార్‌లో నది లేదు! ఒక్కటి కూడా లేదు. మూడు వైపులా సముద్రం, మధ్యలో ఎడారి. తాగే నీళ్ళు కూడా చాలావరకు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసేసి తయారుచేసేవే.

నది లేకపోయినా నీళ్ళ మీద పడవలో వెళ్ళే చోటు ఒకటుంది. దోహా నుంచి ఉత్తరంగా కార్లో ఓ గంట లోపు వెళ్తే అల్ ఖోర్, దాని పక్కనే అల్ థఖీరా. అక్కడ సముద్రం చిన్న చిన్న కాలువలుగా నేల లోపలికి వస్తుంది. ఆ కాలువల రెండు పక్కలా పచ్చగా మడ చెట్లు. మడ అంటే ఉప్పునీటిలో, బురదలో పెరిగే చెట్టు. మన కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి ఉంది కదా, దాని చిన్న చెల్లెలు అనుకోండి. ఈ చెట్టు ఆకుని నాలికతో తాకితే ఉప్పగా ఉంటుంది. లోపలికి వెళ్ళిన ఉప్పుని ఆకుల మీదకి బయటికి పంపేస్తుంది మరి! బురదలోంచి పెన్సిళ్ళలాగా వేలకొద్దీ వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి చెట్టుకి ఊపిరి తీసుకునే వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి అలా పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి.

మొన్న శీతాకాలంలో ఒక శుక్రవారం మూడు తెలుగు కుటుంబాలం కలిసి అక్కడ కయాక్‌లు అద్దెకి తీసుకున్నాం. పులిహోర, చేగోడీలు, ఐస్ పెట్టెలో 24 కూల్‌డ్రింక్ డబ్బాలు. వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంది. చెట్ల నీడలో పడవలు ఆపుకుని తిన్నాం, తాగాం. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బాలన్నీ ఎక్కడ పెట్టాలి? నిండు డబ్బాలు ఐస్ పెట్టెలో వరసగా సర్దుకున్నాయి. ఖాళీవి మాత్రం, తెచ్చిన ఒక్క వల సంచిలో సగమే పట్టాయి. మిగతావి పడవలో కాళ్ళ దగ్గర పడేశాం. ఒక్కసారి గాలి వచ్చింది. రెండు డబ్బాలు టకటకమంటూ దొర్లి నీళ్ళలో పడ్డాయి.

ఖాళీ డబ్బా బరువెంతో తెలుసా? సుమారు 13 గ్రాములు. 24 డబ్బాలూ కలిపినా మూడు వందల గ్రాముల పైన కొంచెం, అంతే. అంత తేలికైన దాన్ని గాలి ఊరికే తోసుకుపోతుంది. మా కళ్ళ ముందే అవి తేలుకుంటూ పోయి ఆ పెన్సిల్ వేళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. వెనక్కి తిప్పి తెద్దామంటే మాతో వచ్చిన గైడు వద్దన్నాడు. అప్పటికే ఆటు మొదలైంది. (సముద్రం నీళ్ళు ఒడ్డుకి రావడం పోటు, వెనక్కి పోవడం ఆటు. రెండూ కలిపి ఆటుపోట్లు.) నీళ్ళు తగ్గిపోతున్నాయి, పడవ బురదలో కూరుకుపోతుంది, ఆ వేళ్ళ మీద నడిస్తే చెట్టుకి దెబ్బ. వదిలేసి వచ్చేశాం. ఆ డబ్బాలు నావే. మా పడవలోంచే పడ్డాయి. ఇంటికొచ్చాక ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఆ డబ్బాల్లోకి పీతపిల్ల దూరి బయటికి రాలేకపోతే?" అని. నా దగ్గర జవాబు లేదు.

నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు పాపికొండలు చూడ్డానికి లాంచీలో వెళ్తే, భోజనం అయ్యాక విస్తరాకు మడిచి గోదావరిలోకి విసిరేసేవాళ్ళం. అందరూ అదే చేసేవారు. విస్తరాకు అంటే ఆకులు కుట్టి చేసిన పళ్ళెం. నాలుగు రోజుల్లో కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది, మెతుకులు చేపలు తింటాయి. కొన్నేళ్ళకి విస్తరాకు పోయి ప్లాస్టిక్ పళ్ళెం, నీళ్ళ సీసా, కూల్‌డ్రింక్ డబ్బా వచ్చాయి. విసిరే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. మనవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. చేతిలో వస్తువు మారింది, చెయ్యి ఇంకా మారలేదు.

అల్యూమినియం డబ్బా విస్తరాకులా కుళ్ళదు, ఇనుములాగా తుప్పుపట్టి రాలిపోదు. ఎన్నో ఏళ్ళు అలాగే పడి ఉంటుంది. అల్యూమినియం అంటే మీ నానమ్మ వంటింట్లో ఉండే "సత్తు గిన్నె" లోహమే. కొందరు "సిల్వర్ గిన్నె" అంటారు. వెండి కాదు, తెల్లగా మెరుస్తుందని ఆ పేరు.

సరే, మరి డబ్బాని నలిపి తీసుకొస్తే? సంచిలో చోటు కలిసొస్తుంది. నిలువునా తొక్కితే 12 సెంటీమీటర్ల డబ్బా మూడు సెంటీమీటర్ల బిళ్ళ అవుతుంది. అంటే ఒక డబ్బా పట్టే చోట నాలుగు పడతాయి. మా 24 డబ్బాలు ఆ ఒక్క సంచిలో హాయిగా పట్టేవి!

ఇప్పుడు ఒక వింత చూద్దాం. నిండుగా, మూత తియ్యని డబ్బాని చేత్తో గట్టిగా నొక్కండి. నొక్కుకుపోదు, రాయిలా ఉంటుంది. అదే డబ్బాని తెరిచి తాగేసి నొక్కితే ఒక్క వేలికే సొట్ట పడుతుంది. డబ్బా అదే, రేకు అదే. ఆ రేకు మందం మిల్లీమీటర్‌లో పదో వంతు ఉంటుందంతే, వెంట్రుక కన్నా కాస్తే ఎక్కువ. మరి బలం ఎక్కడిది?

లోపలి గ్యాస్‌ది. కూల్‌డ్రింక్‌లో గ్యాస్ కలిపి మూత బిగిస్తారు కదా, అది లోపల్నుంచి అన్ని వైపులకీ రేకుని తోస్తూ ఉంటుంది. బయట గాలి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా తోస్తుంది. గాలి నిండిన సైకిల్ టైరు గట్టిగా ఉంటుంది, గాలి పోతే మెత్తబడుతుంది. ఇదీ అంతే. "టప్"మని మూత తియ్యగానే వచ్చే "స్‌స్" శబ్దం ఆ బలం బయటికి పోతున్న శబ్దం. అందుకే తెరవని డబ్బాని ఎప్పుడూ తొక్కకూడదు, సుత్తితో కొట్టకూడదు. ఇక్కడ ఎండాకాలంలో కారులో వదిలేయకూడదు కూడా. వేడికి లోపలి గ్యాస్ ఇంకా గట్టిగా తోసి డబ్బా పగిలిపోతుంది. సీట్లన్నీ జిగురు జిగురు! (ఇది ఎలా తెలుసని అడక్కండి.)

ఖాళీ డబ్బాలో కూడా ఒక బలం మిగిలి ఉంటుంది. సొట్ట లేని ఖాళీ డబ్బాని నిలబెట్టి, దాని మీద నిదానంగా, నిటారుగా ఒక కాలు పెట్టి నిలబడితే చాలాసార్లు మీ బరువుని మోస్తుంది! రెండు పక్కలా పెద్దవాళ్ళ చేతులు పట్టుకునే చెయ్యాలి, కాలికి బూట్లు ఉండాలి. అప్పుడు ఇంకొకరు రెండు పొడుగాటి పుల్లలతో (వేళ్ళతో వద్దు!) డబ్బా నడుము మీద రెండు పక్కలా ఒకేసారి చిన్నగా తట్టాలి. ఫట్! క్షణంలో నేలకి అతుక్కుపోతుంది.

ఎందుకలా? పల్లకి చూశారా ఎప్పుడైనా? గుళ్ళో ఉత్సవాలప్పుడు దేవుణ్ణి కూర్చోబెట్టి భుజాల మీద మోస్తారు. మోసేవాళ్ళందరూ ఒకే ఎత్తులో, సమానంగా మోస్తున్నంతసేపు ఎంత బరువైనా నడుస్తుంది. ఒక్కడి కాలు తడబడిందనుకోండి, అతని బరువు పక్కవాళ్ళ మీద పడుతుంది, వాళ్ళూ వంగుతారు, పల్లకి ఒరుగుతుంది. డబ్బా గోడ కూడా అలాంటిదే. గుండ్రంగా, నిటారుగా ఉన్నంతసేపు మీ బరువు గోడ చుట్టూ సమానంగా పంచుకుంటుంది. ఒకచోట సొట్ట పడితే అక్కడి రేకు మొయ్యడం మానేస్తుంది. ఆ బరువు పక్క రేకు మీద పడి అదీ మడతపడుతుంది, దాని పక్కది కూడా. ఇదంతా కంటికి కనపడనంత వేగంగా జరుగుతుంది. కాబట్టి డబ్బాని నలపాలంటే బలం అక్కర్లేదు. సొట్ట పెట్టడం తెలిస్తే చాలు.

ఇదంతా చదివేసి, నేర్చుకుని, తర్వాతి నెల మళ్ళీ బయల్దేరాను. ఇదే రెండో కథ.

ఈసారి సముద్రపు ఒడ్డుకి. నా వెంట పిల్లలు ఆరుగురు. డబ్బాలన్నీ నలపాలి, ఎవరు ఎక్కువ నలిపితే వాళ్ళకి చాక్లెట్ అన్నాను. (బీఈడీ చదివిన టీచర్ పెట్టకూడని పోటీ అది.) పిల్లలు తడి బట్టని పిండినట్టు డబ్బాల్ని మెలిపెట్టేశారు. కొందరు మధ్యలోకి విరిచి రెండు ముక్కలు చేశారు. నేను చప్పట్లు కొట్టాను. అన్నీ ప్లాస్టిక్ సంచిలో పోసి చెత్తకుండీ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ యూనిఫాం వేసుకుని ఒకాయన ఒడ్డంతా ఊడుస్తున్నాడు. నా చేతిలో సంచి చూసి, పిల్లలతో నేను మాట్లాడే తెలుగు విని, దగ్గరికొచ్చాడు.

"అక్కా, తెలుగోళ్ళా? మాది జగిత్యాల దిక్కు," అన్నాడు. సంచిలోకి చూసి, కొంచెం మొహమాటంగా, "డబ్బాలు నొక్కుడు మంచిదే అక్కా. గని గిట్ల మెలిదిప్పి చింపకుర్రి. అంచు కత్తి లెక్కయితది. సంచి చినుగుతది, మా చేతులు తెగుతయ్," అన్నాడు. చేతి తొడుగు తీసి చూపించాడు. బొటనవేలి కింద మానిన గీత. తొడుగు మీద కూడా కోసుకుపోయిన గుర్తు.

ఆయన మాట మీలో కొందరికి కొత్తగా ఉండొచ్చు. అది తెలంగాణ తెలుగు. "దిక్కు" అంటే వైపు. "గని" అంటే కానీ. "గిట్ల" అంటే ఇలా. "లెక్క" అంటే లాగా. "చింపకుర్రి" అంటే చింపకండి. మా గోదావరి వైపు ఇలా మాట్లాడరు, అయినా నాకు ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి చాలామంది ఎన్నో ఏళ్ళుగా గల్ఫ్ దేశాలకి పనికి వస్తున్నారు. మీరు ఏ మాల్‌కి వెళ్ళినా, ఏ పార్కుకి వెళ్ళినా మీ పక్కనుంచి వెళ్ళే మనిషికి తెలుగు వచ్చి ఉండొచ్చు. "నమస్తే బాబాయ్" అని పలకరించి చూడండి.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. "అండ్ల కొంచెం గూడ కూల్‌డ్రింక్ ఉంచకుర్రి, ఈగలు, చీమలు." అండ్ల అంటే అందులో. నేను ఆ సంచిని ఆయన చేతికి ఇవ్వలేదు. లావుపాటి అట్టపెట్టె ఒకటి కారులో ఉంటే అందులో ఒక్కొక్కటీ సర్ది, పైన "పదును, జాగ్రత్త" అని ఇంగ్లీషులో రాసి పెట్టాను. సర్దేటప్పుడు నా వేలే తెగింది. పిల్లలందరూ అది చూశారు. చాక్లెట్ ఎవరూ అడగలేదు.

అందుకని, నలిపే పద్ధతి ఇది. ముందు డబ్బాని తలకిందులుగా పట్టుకుని ఆఖరి చుక్క దాకా వంచెయ్యండి. మూత దగ్గర ఉండే నాలుకని (తీసే రింగుని) పీకకండి, అలాగే ఉండనివ్వండి. డబ్బా నడుము మీద రెండు బొటనవేళ్ళతో ఎదురెదురుగా రెండు సొట్టలు పెట్టండి, చాలు. తర్వాత గట్టి నేల మీదో, చెక్క మీదో నిలబెట్టి, బూటు మడమతో నిటారుగా, ఒక్క తొక్కు. వేగంగా ఎగిరి తొక్కొద్దు, డబ్బా పక్కకి జారితే చీలమండ మెలిపడుతుంది. చెప్పులతో, ఉత్తి కాళ్ళతో అసలే వద్దు. మెలితిప్పడం, విరవడం, చింపడం వద్దు. ఇలా చేస్తే గుండ్రటి బిళ్ళ వస్తుంది. దాని పైన, కింద ఉండే గట్టి అంచులు గుండ్రంగానే ఉంటాయి కాబట్టి పదును తక్కువ. ఎక్కడైనా రేకు చిరిగితే ఆ డబ్బాని విడిగా గట్టి పెట్టెలో వేయండి.

ఆ తీసే రింగు వెనక కూడా ఒక కథ ఉంది. ఒకప్పుడు డబ్బాలకి రింగు ఉండేది కాదు, ఓపెనర్‌తో చిల్లు పెట్టాల్సిందే. 1959లో అమెరికాలో ఎర్మల్ ఫ్రేజ్ అనే ఆయన పిక్నిక్‌కి వెళ్ళి ఓపెనర్ మర్చిపోయారట. కారు బంపర్‌కి కొట్టి డబ్బా తెరిచారు. తర్వాత ఆలోచించి, లాగితే ఊడొచ్చే రింగు కనిపెట్టారు. బాగుంది కానీ, ఊడొచ్చిన రింగుల్ని జనం ఎక్కడపడితే అక్కడ పారేశారు. బీచిల్లో ఉత్తి కాళ్ళతో నడిచేవాళ్ళకి గుచ్చుకునేవి. అందుకే ఇప్పుడు ఊడిరాకుండా డబ్బాకే అతుక్కుని ఉండే రింగు వచ్చింది. పీకొద్దు అన్నది దీనికే.

నదుల్లో రాఫ్టింగ్ చేసేవాళ్ళకి ఈ నలిపే విద్య ఇంకా ముఖ్యం. రాఫ్ట్ అంటే గాలి నింపిన రబ్బరు పడవ. అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ లోయలోంచి పోతుంది. అక్కడ లీస్ ఫెర్రీ దగ్గర బయల్దేరి డైమండ్ క్రీక్ దాకా వెళ్ళాలంటే 360 కిలోమీటర్ల పైన. తెడ్లు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళకి రెండు వారాలకి పైగా పడుతుంది. మధ్యలో చెత్తకుండీ లేదు, దుకాణం లేదు, రోడ్డు కూడా లేనట్టే. అక్కడి నియమం ఏంటంటే, తీసుకెళ్ళింది ఏదీ వదిలి రాకూడదు. చెత్త, పొయ్యిలో బూడిద, ఆఖరికి (ముక్కు మూసుకోండి!) మలం కూడా పెట్టెల్లో పెట్టి వెనక్కి తేవాల్సిందే. మరి అన్ని రోజుల డబ్బాలు పడవలో పట్టాలంటే నలపకుండా ఎలా? చాలామంది డబ్బాలు నలిపే చిన్న మరని కూడా వెంట తీసుకెళ్తారు.

అక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, చిరిగిన అంచు రబ్బరు పడవకి గుచ్చుకుంటే? అందుకే నలిపిన డబ్బాల్ని గట్టి పెట్టెలోనో, మందపాటి సంచిలోనో పెడతారు. రెండోది నాకు చాలా ఆశ్చర్యం అనిపించింది. నలపని ఖాళీ డబ్బా నీళ్ళలో పడితే లోపలి గాలి వల్ల కాసేపు తేలుతుంది, వెంటపడి పట్టుకోవచ్చు. నలిపిన డబ్బా పడితే రాయిలా మునిగిపోతుంది! అల్యూమినియం నీటికంటే రెండున్నర రెట్లకి పైగా బరువు. ఇక దొరకదు. కాబట్టి నలిపాక సంచి మూతి ముడివేసి, దాన్ని పడవకి కట్టాలి. నలపడం సగం పని, కట్టడం మిగతా సగం.

ఒకప్పుడు అదే అమెరికాలో క్యాంపింగ్ వెళ్ళేవాళ్ళకి "కాల్చు, చితక్కొట్టు, పాతిపెట్టు" అని నేర్పేవారట. అప్పటి డబ్బాలు ఇనుప రేకువి, మట్టిలో తుప్పుపట్టి పోతాయని. అంటే డబ్బాని నలిపింది ఇంటికి తేవడానికి కాదు, పాతిపెట్టడానికి! పని అదే, ఉద్దేశం తిరగబడింది. పాతిపెట్టింది ఎంతకాలం ఉంటుందో చూడాలంటే అల్ ఖోర్ దగ్గరే చూడొచ్చు. అక్కడ ఊదా దీవి అని ఒక దీవి ఉంది. 3000 ఏళ్ళకి పైగా క్రితం అక్కడ మనుషులు సముద్రపు నత్తల్ని చితక్కొట్టి, బట్టలకి వేసే ఖరీదైన ఊదా రంగు తీసేవారు. వాళ్ళు పారేసిన లక్షల నత్తగుల్లల ముక్కలు తవ్వకాల్లో బయటపడ్డాయి. రంగు వేసిన బట్ట ఒక్కటీ మిగల్లేదు, చెత్త మాత్రం మిగిలింది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. డబ్బాని ఎప్పుడూ నలపాలా?

వద్దు! ఇది నాకు మా అమ్మాయి బడిలో నేర్చుకుని వచ్చి చెప్పింది. మీలో కొందరు జర్మనీలో ఉంటారు, కొందరు అమెరికాలో మిషిగన్‌లోనో, ఆరెగాన్‌లోనో ఉంటారు. అక్కడ డబ్బా కొన్నప్పుడే కొంచెం డబ్బు ఎక్కువ కడతారు. జర్మనీలో 25 సెంట్లు, మిషిగన్‌లో 10 సెంట్లు. ఖాళీ డబ్బాని దుకాణంలో మిషన్‌లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. మిషన్ డబ్బా మీది గీతల్ని, అంటే బార్‌కోడ్‌ని చదవాలి. నలిపితే ఎలా చదువుతుంది? డబ్బు పోయినట్టే. కాగితం, సీసా, డబ్బా అన్నీ ఒకే డబ్బాలో వేసే ఊళ్ళలో కూడా నలపకపోవడమే మంచిది. అక్కడ చెత్తని వేరుచేసే యంత్రాలు గుండ్రంగా ఉన్నవి ఒకవైపు, పల్చగా ఉన్నవి ఒకవైపు పంపుతాయి. బిళ్ళలా నలిగిన డబ్బాని కాగితం అనుకుని కాగితాల్లోకి పంపేసే ప్రమాదం ఉంది.

మన ఊళ్ళో అయితే మళ్ళీ లెక్క వేరు. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అని మైకులో అరుచుకుంటూ ఆటో వస్తుంది చూడండి, సెలవులకి వెళ్ళినప్పుడు వినే ఉంటారు. ఆయన డబ్బాల్ని తూకం వేసి కొంటాడు. నలిపినా నలపకపోయినా తూకం ఒకటే, నలిపితే ఆయన బండిలో చోటు మిగులుతుంది. కాబట్టి మీ ఊళ్ళో పద్ధతి ఏంటో ముందు కనుక్కోండి. పడవలో, ఎడారి క్యాంపులో, కొండ మీద అయితే నలపండి.

తిరిగి తెచ్చిన డబ్బా ఏమవుతుందో కూడా చెప్పాలి. దోహా నుంచి దక్షిణంగా మెసయీద్ అనే ఊరుంది. అక్కడ ఖతాలుమ్ అని పెద్ద అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది. సగం ఖతార్‌ది, సగం నార్వే దేశపు హైడ్రో కంపెనీది. 2009 చివర్లో పని మొదలుపెట్టింది. అక్కడ డబ్బాలు చెయ్యరు, లోహపు దిమ్మెలు చేస్తారు. దానికి ముడిసరుకు ఓడల్లో రావాలి, ఎందుకంటే ఖతార్‌లో బాక్సైట్ లేదు. బాక్సైట్ అంటే అల్యూమినియం దొరికే ఎర్రమట్టి రాయి. అది మన అరకు, చింతపల్లి కొండల్లో ఉంది. అక్కడి గిరిజనులు "మా కొండలు తవ్వొద్దు" అని ఏళ్ళ తరబడి పోరాడారు. ఒక డబ్బా వెనక ఒక కొండ కూడా ఉంటుందన్నమాట.

ఖతార్‌లో ముడిసరుకు లేకపోయినా ఫ్యాక్టరీ ఎందుకు పెట్టారు? కరెంటు కోసం. ఇక్కడ గ్యాస్ బాగా ఉంది, దానితో కరెంటు చేస్తారు. బాక్సైట్ నుంచి వచ్చిన తెల్లటి పొడిలోంచి అల్యూమినియం తియ్యాలంటే కరెంటు పోటెత్తాలి. ఈ పద్ధతిని 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఒకరికొకరు తెలియకుండా కనిపెట్టారు. ఇద్దరూ 1863లోనే పుట్టారు, ఇద్దరూ 1914లోనే చనిపోయారు, చూశారా! కిలో అల్యూమినియంకి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. అదే పాత డబ్బాని కరిగిస్తే 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కొత్తగా తియ్యడానికి అయ్యే శక్తిలో 95 శాతం మిగులుతుంది. ఒక్క డబ్బా మీద మిగిలేదానితో మీ గదిలో 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇంచుమించు 17 గంటలు వెలుగుతుంది.

మొన్న మళ్ళీ థఖీరా వెళ్ళాం. ఈసారి ఒక్కొక్కరికి ఒక్క డబ్బానే, మిగతాది ఇంటి నుంచి మజ్జిగ. సంచికి తాడు, తాడు చివర నా నడుముకి. ఆ వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి అందరం వెతికాం. మా రెండు డబ్బాలు కనపడలేదు. ఎవరిదో ఇంకో డబ్బా కనపడింది, ఎండకి రంగంతా వెలిసిపోయి తెల్లగా ఉంది. పోటు సమయం, నీళ్ళు బాగా ఉన్నాయి. పడవ దగ్గరికి పోనిచ్చి, మా అమ్మాయి తెడ్డుతో దగ్గరికి లాగింది. లోపల పీత ఉందేమో అని ముందు నీళ్ళలోనే మెల్లగా వంచి చూసింది. బురద నీళ్ళు తప్ప ఏమీ లేవు. అప్పుడు సంచిలో వేసింది. నలపలేదు, ఒడ్డుకి వచ్చాక బూట్లు వేసుకుని నలిపింది.

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఒక ఖాళీ డబ్బా ఎత్తు స్కేలుతో కొలవండి. పెద్దవాళ్ళ ముందు, పైన చెప్పిన పద్ధతిలో నలిపి మళ్ళీ కొలవండి. మీ సంచిలో ఎన్ని రెట్లు ఎక్కువ పడతాయో లెక్క రాయండి.

2. నొక్కు, చిదుము, పిసుకు, పిండు, దంచు, రుబ్బు, నూరు, తొక్కు. వీటిలో మీ వంటింట్లో ఈ వారం నిజంగా జరిగిన పనులు ఏవి? ఒక్కోదానికి ఒక వాక్యం. (మిక్సీలో వేస్తే "రుబ్బాం" అనొచ్చా? ఇంట్లో అడగండి.)

3. మీరున్న ఊళ్ళో ఖాళీ డబ్బా ఎక్కడికి పోతుంది? నలపాలా, వద్దా? కనుక్కుని ఐదు వాక్యాలు రాసి పంపండి. చెత్త తీసుకెళ్ళే ఆయన్నో, ఆమెనో అడిగి రాస్తే నాకు ఇంకా ఇష్టం.